నారోబోట్‌లో కాపురం: ఇంగ్లండ్ కాలువల మీద రోజువారీ బతుకుకి సమగ్ర మార్గదర్శి

నారోబోట్ అంటే 6 అడుగుల 10 అంగుళాల వెడల్పున్న ఉక్కు పడవ. మధ్య ఇంగ్లండ్ కాలువల మీద పద్దెనిమిదో శతాబ్దంలో కట్టిన లాకులు (పడవని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే తలుపుల తొట్లు) ఏడడుగుల వెడల్పే, అందుకే పడవా అంతే. పొడవు 30 నుంచి 70 అడుగుల దాకా దొరుకుతుంది. కొనేవాళ్లు 57 అడుగులు దాటకుండా చూసుకుంటే మంచిది. ఉత్తరాన కాల్డర్ అండ్ హెబుల్ లాంటి చోట్ల లాకులు పొట్టిగా ఉంటాయి, అంతకన్నా పొడుగు పడవ అక్కడ పట్టదు.

ఇంట్లో నీళ్లు, కరెంటు, వెచ్చదనం, గ్యాస్ వాటంతట అవే వస్తాయి, మురుగు దానంతట అదే పోతుంది. పడవలో ఈ ఐదింటికీ ఒక్కో డబ్బా ఉంటుంది. ఏది ఎంత నిండిందో, ఏది ఎప్పటికి ఖాళీ అవుతుందో మీకు తెలిసి ఉండాలి. పడవ మీద వచ్చే కష్టాల్లో ఎక్కువ భాగం ఈ లెక్క తప్పడం వల్ల వస్తాయి, తక్కినవి లాకుల దగ్గర తొందర వల్ల.

ముందు కాగితాలు

ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 2,000 మైళ్ల జలమార్గాలు కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చేతిలో ఉన్నాయి. 2012లో బ్రిటిష్ వాటర్‌వేస్ స్థానంలో వచ్చిన సంస్థ ఇది. దీని లైసెన్సు కావాలంటే మూడు ఉండాలి: నాలుగేళ్లకోసారి తీసుకోవాల్సిన బోట్ సేఫ్టీ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ బీమా, పడవ కట్టుకోవడానికి సొంత రేవు. సొంత రేవు లేకపోతే ఎప్పుడూ కదులుతూ ఉంటామని ఒప్పుకోవాలి. థేమ్స్ నది ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ పరిధి, అక్కడికి వెళ్లాలంటే వేరే అనుమతి తీసుకోవాలి. రెండింటికీ కలిపి గోల్డ్ లైసెన్సు ఉంది.

రేవు లేకుండా తిరిగేవాళ్లకి 1995 నాటి చట్టం ప్రకారం ఒకే చోట 14 రోజులే గడువు. బోర్డు పెట్టి 48 గంటలని రాసి ఉంటే అంతే. లండన్ అద్దెలు భరించలేక పడవ కొని, ఉద్యోగానికి దగ్గరగా రెండు వంతెనల మధ్యే అటూ ఇటూ జరుపుకుంటే సరిపోతుందనుకునేవాళ్లు ఉన్నారు. సరిపోదు. పర్యవేక్షకులు గట్టున నడుస్తూ పడవ నంబర్లు నమోదు చేసుకుంటారు. ఏడాది మొత్తంలో 15–20 మైళ్ల పరిధి దాటకపోతే లైసెన్సు నిలవడం కష్టం. పైగా 2024 ఏప్రిల్ నుంచి ఇలా తిరిగే పడవలకి లైసెన్సు రుసుము మీద అదనపు మొత్తం మొదలైంది, అది ఏటా పెరుగుతుంది. కాబట్టి పడవ ధర కన్నా ముందు, రెండు వారాలకోసారి కదులుతూ మీ ఉద్యోగం, పిల్లల బడి నడుస్తాయా అన్నది తేల్చుకోండి. డాక్టర్ దగ్గర పేరు నమోదుకి మాత్రం ఇంటి చిరునామా రుజువు తప్పనిసరి కాదు. రిసెప్షన్‌లో కాదంటే ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ) నియమం అదేనని మర్యాదగా చెప్పండి.

నీళ్లు

ట్యాంకు చాలా పడవల్లో ముందు డెక్ కింద ఉంటుంది. 400–600 లీటర్లు పడుతుంది. ఇద్దరు మనుషులు పొదుపుగా రోజుకి 50 లీటర్లు వాడితే 500 లీటర్లు పది రోజులకి వస్తాయి. వాషింగ్ మెషిన్ ఒక్క విడతకే 40–50 లీటర్లు తాగేస్తుంది, బట్టలు ఉతికే రోజు నీళ్ల కుళాయి దగ్గరే పెట్టుకోండి.

గేజీని మాత్రమే నమ్మకండి. 500 లీటర్లంటే ముందు భాగంలో అరటన్ను బరువు. ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ పడవ ముక్కు పైకి లేస్తుంది. ట్యాంకు నిండినప్పుడు ముక్కు దగ్గర నీటి మట్టం ఎక్కడుందో పెయింటుతో చిన్న గీత పెట్టుకుంటే అదే అసలైన గేజీ.

నింపడం ఇలా: కుళాయి పెట్టెలు చాలావరకు వాటర్‌మేట్ తాళంచెవితో తెరుచుకుంటాయి. ముందు కుళాయిని అర నిమిషం ఊరికే వదిలెయ్యండి, తర్వాత మీ సొంత తాగునీటి హోస్ తగిలించి ఇంకో అర నిమిషం పారనిచ్చి, అప్పుడు ట్యాంకులో పెట్టండి. హోస్ కొస కాలువలో పడనివ్వొద్దు. టాయిలెట్ కడిగే చోట ఉండే గొట్టాన్ని తాగునీటికి ఎప్పుడూ వాడకండి, అది ఎక్కడెక్కడ తగిలి ఉంటుందో చెప్పలేం. కుళాయి మందంగా వస్తే ట్యాంకు నిండడానికి గంట పడుతుంది. ఆలోగా చెత్త పారెయ్యండి, టాయిలెట్ డబ్బా ఖాళీ చెయ్యండి.

ఎవరూ కుళాయి తిప్పకుండానే పంపు కాసేపటికోసారి గుర్రుమంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ట్యాంకు ఖాళీ అయినా అయ్యుండాలి, పైపు ఊడిపోయి నీళ్లన్నీ పడవ అడుక్కి పోతున్నా పోతుండాలి. పడుకునే ముందు, పడవ వదిలి వెళ్లే ముందు పంపు స్విచ్ ఆపెయ్యడం అలవాటు చేసుకోండి.

సింకు, స్నానం నీళ్లు నేరుగా కాలువలోకే పోతాయి. వేపుడు నూనె సింకులో పొయ్యకండి. మూకుడుని కాగితంతో తుడిచి, ఆ కాగితం చెత్తలో వేసి, తర్వాత కడగండి.

టాయిలెట్

మూడు రకాలున్నాయి. క్యాసెట్ టాయిలెట్ డబ్బా సుమారు 18–20 లీటర్లు, ఇద్దరికి మూడు రోజులొస్తుంది. దాన్ని ఎల్సాన్ పాయింట్ అనే చోట ఒంపి, కడిగి, మందు పోసి తెచ్చుకోవాలి. రెండోది పెద్ద ట్యాంకు, నెలకి ఒకటి రెండుసార్లు డబ్బు కట్టి యంత్రంతో లాగించాలి. మూడోది మూత్రాన్ని, మలాన్ని విడివిడిగా పట్టే పొడి టాయిలెట్. దీని ఘనపదార్థం కుళ్లి ఎరువు కావడానికి ఏడాది పడుతుంది, ట్రస్టు చెత్తడబ్బాల్లో వెయ్యడం నిషిద్ధం. కాబట్టి కంపోస్టు చేసుకునే స్థలం లేనివాళ్లకి ఇది పనికిరాదు.

మేం సిఫారసు చేసేది క్యాసెట్టే. కాలువ గడ్డకట్టి పడవ కదలకపోతే పెద్ద ట్యాంకున్నవాళ్లు ఇరుక్కుపోతారు, క్యాసెట్‌నైతే ట్రాలీ మీద పెట్టుకుని గట్టు వెంట నడవొచ్చు. రెండు క్యాసెట్లు అదనంగా కొనిపెట్టుకోండి. ఒంపేటప్పుడు గాలి మీట నొక్కి పట్టుకోవాలి, లేకపోతే గుడగుడమని మీ మీదికే చిందుతుంది.

కరెంటు

పడవలో ప్రధాన విద్యుత్తు 12 వోల్టులది. ఇంజిన్ స్టార్ట్ చెయ్యడానికి ఒక బ్యాటరీ, ఇంటి వాడకానికి వేరే బ్యాటరీల గుంపు ఉంటాయి. ఈ రెండూ కలిసిపోకూడదు. రాత్రి దీపాలకి ఇంజిన్ బ్యాటరీ దిగిపోతే పొద్దున్న ఇంజిన్ లేవదు, ఇంజిన్ లేవకపోతే చార్జింగే లేదు.

బ్యాటరీ ఎంత కరెంటు పడుతుందో ఆంప్-అవర్లలో కొలుస్తారు. 100 ఆంప్-అవర్ల లెడ్-యాసిడ్ బ్యాటరీలు నాలుగున్నాయనుకుందాం. కాగితం మీద 400, వాడుకోదగ్గది సగమే, 200. 12 వోల్టుల ఫ్రిజ్ రోజుకి 30–45 తీసుకుంటుంది. దీపాలు, పంపు, ఫోన్లు, ల్యాప్‌టాప్ కలిపితే మొత్తం వంద చుట్టుపక్కల తేలుతుంది. వాడకం లేకుండా కొన్ని గంటలున్న బ్యాటరీ 12.7 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. అంతకన్నా దిగనివ్వకండి.

బ్యాటరీలు ఏడాదికే చచ్చిపోతున్నాయని వాపోయేవాళ్లలో ఎక్కువమందికి జరిగేది ఒకటే. రోజూ రెండు గంటలు ఇంజిన్ నడిపి చార్జ్ అయిపోయిందనుకుంటారు. లెడ్-యాసిడ్ బ్యాటరీ 80 శాతం దాకా త్వరగా నిండుతుంది, ఆఖరి 20 శాతానికి మాత్రం నాలుగైదు గంటలు తీసుకుంటుంది. ఆ 20 శాతం రోజూ మిగిలిపోతే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, బ్యాటరీ పట్టే సామర్థ్యం వారం వారం తగ్గుతుంది. దీనికి మందు, వారానికి ఒకసారైనా పూర్తిగా నింపడం. 14.4 వోల్టుల దగ్గర ఉండగా లోపలికి పోయే కరెంటు 400 ఆంప్-అవర్ల గుంపుకి 4–8 ఆంపులకి పడిపోయినప్పుడే నిండినట్టు. ఆ అంకె చూపించే బ్యాటరీ మానిటర్‌కి పెట్టిన డబ్బు వృథా పోదు. దాని శాతం అంకె కన్నా ఆంపుల అంకెనే ఎక్కువ నమ్మండి.

లిథియం బ్యాటరీలకి ఈ బెడద లేదు, ఎంత కరెంటిస్తే అంత మింగుతాయి. చిక్కు అక్కడే. ఇంజిన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ తన పూర్తి శక్తితో గంటలకొద్దీ పనిచెయ్యాల్సి వచ్చి వేడెక్కి కాలిపోతుంది. మధ్యలో డీసీ-డీసీ చార్జర్ గానీ, ఉష్ణోగ్రత చూసి తగ్గించే రెగ్యులేటర్ గానీ లేకుండా లిథియం తగిలించకండి.

కప్పు మీద 400 వాట్ల సోలార్ పలకలు జూన్‌లో రోజుకి 120 ఆంప్-అవర్ల దాకా ఇస్తాయి. డిసెంబర్‌లో అవే పలకలు 12 ఇస్తే గొప్ప. వేసవిలో పడవ చూసి, కరెంటుకి ఢోకా లేదని కొనేవాళ్లు ఈ అంకె గుర్తుంచుకోవాలి. ఇతర పడవల పక్కన ఆగినప్పుడు రాత్రి 8 నుంచి పొద్దున్న 8 దాకా ఇంజిన్, జనరేటర్ నడపకూడదు, కాబట్టి చలికాలం చార్జింగ్ పగలే ముగించాలి.

మనవాళ్ల కోసం ఒక మాట. 700 వాట్ల రైస్ కుక్కర్ ఇన్వర్టర్ మీద పెడితే బ్యాటరీ నుంచి 65 ఆంపుల పైన లాగుతుంది. అరగంటకి 30 ఆంప్-అవర్లకి పైగా, అంటే ఫ్రిజ్ ఒక రోజు తినేంత. అన్నం గ్యాస్ మీద ప్రెషర్ కుక్కర్లో వండుకోండి.

గ్యాస్

ప్రొపేన్ ఎర్ర సిలిండరే తీసుకోండి, 13 కిలోలది అన్ని చోట్లా దొరుకుతుంది. నీలం సిలిండర్లో ఉండేది బ్యూటేన్, చలికి సున్నా దగ్గర అది ఆవిరి కాదు, పొయ్యి వెలగదు. ఇద్దరి వంటకి మాత్రమే అయితే ఒక సిలిండర్ రెండు నెలల పైన వస్తుంది. నీళ్లు కాచే గీజర్ కూడా దాని మీదే అయితే నెల రోజులే. రెండు సిలిండర్లుంచండి. మొదటిది అయిపోయిన రోజే కొత్తది తెచ్చుకోండి.

ప్రొపేన్ గాలికన్నా బరువు. లీకైతే నీళ్లలాగే పడవ అడుక్కి దిగి అక్కడే నిలుస్తుంది. అందుకే సిలిండర్ల పెట్టె అడుగున బయటికి తెరుచుకునే కన్నం ఉంటుంది. ఆ కన్నానికి తాళ్లు, ఆకులు అడ్డం పడకుండా చూడండి. ఆ పెట్టెలో బబుల్ టెస్టర్ (లీకైతే బుడగలు చూపించే చిన్న పరికరం) ఉంటే నెలకోసారి ఇలా పరీక్షించండి: పొయ్యి, గీజర్ అన్నీ ఆపి, సిలిండర్ తెరిచి ఉంచి, ఎర్ర బటన్ పది సెకన్లు నొక్కండి. బుడగలొస్తే లీకుంది. సిలిండర్ కట్టేసి గ్యాస్ మెకానిక్‌ని పిలవండి.

పొయ్యి, వెచ్చదనం

శీతాకాలంలో పడవని బతికించేది ఘన ఇంధనం పొయ్యి. పొగరాని బొగ్గు ముద్దలు, ఎండిన కట్టెలు రెండూ వాడొచ్చు, రెండింటి పద్ధతి మాత్రం వేరు. బొగ్గుకి గాలి కిందనుంచి కావాలి. కట్టెలకి పైనుంచి గాలి, కింద బూడిద పరుపు కావాలి.

రాత్రంతా నిలిచేలా పెట్టే విధానం:

1. పడుకోవడానికి గంట ముందు కింది గాలి తలుపు తెరిచి నిప్పులు ఎర్రగా అయ్యేదాకా ఆగండి.
2. జల్లెడ కడ్డీని అటూ ఇటూ ఆడించి బూడిద రాల్చండి. నిప్పుల ఎరుపు కింది అరలో కనిపించగానే ఆపండి, ఇంకా ఆడిస్తే మంచి నిప్పులే రాలిపోతాయి.
3. ఆరేడు బొగ్గు ముద్దలు వెనక ఎత్తుగా, ముందు వాలుగా పేర్చండి.
4. పది పదిహేను నిమిషాలు గాలి తెరిచే ఉంచండి. కొత్త బొగ్గు నుంచి వచ్చే వాయువులు కాలిపోవాలి. ఈ మెట్టు దాటేస్తే అద్దం నల్లబడుతుంది, పొగగొట్టంలో జిడ్డు పేరుతుంది.
5. ఇప్పుడు కింది గాలిని సన్నని సందు మిగిలేలా మూసెయ్యండి.

పొద్దున్న గాలి తెరవగానే పది నిమిషాల్లో మళ్లీ రాజుకుంటుంది. గట్టి చలిలో 20 కిలోల బస్తా మూడు నాలుగు రోజులొస్తుంది. బొగ్గు, డీజిల్, గ్యాస్ పడవల దగ్గరికే తెచ్చే ఇంధన పడవలు చాలా కాలువల్లో తిరుగుతుంటాయి. వాళ్ల వరస తెలుసుకుని ముందే చెప్పుకోండి. ఈ పడవలే లేకపోతే దారికి దూరంగా ఆగినవాళ్లకి చలికాలం గడవదు.

తడి కట్టెలు కాల్చకండి. తేమ 20 శాతం లోపు ఉండాలి. తడివైతే వేడి రాదు, తారు పొగగొట్టంలో పేరుకుని, గొట్టం కప్పుని దాటే చోట గోధుమరంగు చారలుగా కారుతుంది. ఆ తారు అంటుకుంటే గొట్టమే మండుతుంది.

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. తలనొప్పి, వికారం, మగతగా ఉంటే జలుబనుకుని పడుకోకండి, బయటికి రండి. పడవలకి ధ్రువీకరించిన అలారం, అంటే ఈఎన్ 50291-2 గుర్తు ఉన్నది, పొయ్యి ఉన్న గదిలో ఒకటి, పడక దగ్గర ఒకటి ఉండాలి. పొయ్యి తలుపు చుట్టూ ఉన్న తాడు అరిగిందో లేదో నెలకోసారి చూడండి: కాగితపు ముక్క తలుపులో పెట్టి మూసి లాగితే బిగుతుగా పట్టుకోవాలి. సులువుగా వచ్చేస్తే తాడు మార్చాలి. వేడి బూడిద కూడా ఈ విషవాయువునే విడుస్తుంది, కాబట్టి మూతున్న ఇనప డబ్బాలో పోసి ఆరుబయట పెట్టండి. గుడారం కప్పిన వెనక డెక్ మీద పెట్టడమంటే ఇంట్లో పెట్టుకున్నట్టే.

కప్పు మీది గాలి గొట్టాలు చలి వస్తోందని గుడ్డలతో మూసేవాళ్లున్నారు. అవి ప్రాణం కాపాడే కన్నాలు. చెమ్మకి కూడా గాలే మందు. కిలో ప్రొపేన్ మండితే కిలోన్నర పైన నీటి ఆవిరి పుడుతుంది, అది ఉక్కు గోడల మీదే చేరుతుంది. వంట చేసేటప్పుడు కిటికీ ఓరగా తెరవండి, పరుపు కింద చెక్క పట్టీలు వేసి గాలి ఆడనివ్వండి.

బయల్దేరే ముందు

ఇంజిన్ చల్లగా ఉండగానే నూనె పుల్ల, కూలెంట్ మట్టం, బెల్టు బిగువు చూడండి. బెల్టు కింద నల్లటి పొడి రాలుతుంటే అది అరిగిపోతోంది, అదనపు బెల్టు పడవలో ఉండాలి. ఇంజిన్ కింద నూనె నీళ్లుంటే వాటిని పంపుతో కాలువలోకి కొట్టకండి, డబ్బాలోకి తోడాలి. సాయంత్రం ఆగిన వెంటనే, ప్రొపెల్లర్ ఇరుసు చుట్టూ గ్రీజు ఎక్కించే స్టెర్న్ గ్రీజర్ పిడిని బిగువు తగిలేదాకా తిప్పండి. ప్రొపెల్లర్ ఇరుసు లోపలికొచ్చే చోట పడవ నడుస్తుండగా కొన్ని చుక్కలు కారడం మామూలే, ఆగాక కారుతూనే ఉంటే ప్యాకింగ్ బిగించాలి.

ప్రయాణ సమయం అంచనాకి మైళ్లనీ లాకులనీ కలిపి మూడుతో భాగించండి. 12 మైళ్లు, 6 లాకులంటే ఆరు గంటలు. గంటకి లీటరు నుంచి లీటరున్నర డీజిల్ అవుతుంది.

గరిష్ఠ వేగం గంటకి 4 మైళ్లు. కానీ మీ వెనక అల గట్టు మీద విరుగుతుంటే ఆ వేగం కూడా ఎక్కువే. ఎదురు పడవొస్తే కుడివైపు జరగండి, లేనప్పుడు లోతున్న నడిమధ్యే మంచిది. కట్టి ఉన్న పడవలకి ఒక పడవ పొడుగు ముందే ఇంజిన్‌ని ఐడిల్‌కి తగ్గించండి. మీరు వేగంగా పోతే వాళ్ల మేకులు ఊడొస్తాయి, పొయ్యి మీది పాలగిన్నె ఒలుకుతుంది. చుక్కాని పనిచేసేది ప్రొపెల్లర్ దాని మీదికి నీళ్లు తోసినప్పుడే. రివర్స్‌లో చుక్కాని మాట వినదు. బురదలో ఎక్కితే ఇంజిన్ వేగం పెంచి ముందుకి తోలకండి, ఇంకా లోపలికి దిగుతుంది. రివర్స్ వేసి, మనుషుల్ని లోతు వైపు నిలబెట్టి, గెడతో తొయ్యండి. గెడ కొసని పొట్టకి ఆనించొద్దు, పక్కకి పట్టుకోండి.

లాకులు

ధవళేశ్వరం, విజ్జేశ్వరం లాకులు చూసినవాళ్లకి సూత్రం తెలిసిందే: రెండు జతల తలుపుల మధ్య తొట్టి, నీరు నింపితే పడవ పైకి, వదిలితే కిందికి. అక్కడ సిబ్బంది ఉంటారు. ఇంగ్లండ్‌లో చాలా చోట్ల ఎవరూ ఉండరు, అంతా పడవవాళ్లే చేసుకోవాలి. నీరు వదిలే షట్టర్లని ప్యాడిళ్లంటారు, వాటిని తిప్పే ఎల్ ఆకారపు ఇనప పిడి విండ్‌లాస్. రెండు విండ్‌లాస్‌లుంచుకోండి, ఒకటి ఎప్పుడో కాలువలో పడుతుంది.

లాకులోకి వెళ్లే ముందు పక్కనున్న ఫెండర్లు పైకి తీసెయ్యండి. ఏడడుగుల లాకులో ఆ రబ్బరు ముక్కలే పడవని గోడల మధ్య బిగించేస్తాయి. అవతలి నుంచి పడవ వస్తూ లాకు వాళ్లకి అనుకూలంగా ఉంటే వాళ్లని ముందు రానివ్వండి. ఒక్కో విడతకి లక్ష లీటర్ల పైన నీరు కిందికి పోతుంది, వేసవిలో ఆ నీటి విలువ చాలా ఎక్కువ.

పైకి ఎక్కడం:

1. తొట్టి ఖాళీగా ఉందో లేదో చూసి కింది తలుపులు తెరవండి. పడవ లోపలికి వచ్చాక మూసి, కింది ప్యాడిళ్లు అన్నీ దిగి ఉన్నాయని చూసుకోండి.
2. పై చివర నేలలో ఉన్న ప్యాడిల్‌ని సగం ఎత్తండి. విండ్‌లాస్ తీసే ముందు పళ్లచక్రం మీద కొక్కెం పడిందో లేదో చూడండి.
3. పడవ కుదురుకున్నాక పూర్తిగా ఎత్తండి. తలుపులో ఉండే ప్యాడిల్‌ని మాత్రం దాని కన్నం నీట మునిగాకే ఎత్తాలి. ముందే ఎత్తితే ఆ ధార పడవ ముందు డెక్ మీద పడి లోపలికి చొరబడుతుంది.
4. ముందు ఫెండర్ తలుపు కమ్మీ కింద ఇరుక్కోకుండా ఒకరు కనిపెట్టి ఉండాలి. పడవ లేస్తుంటే ముక్కు అక్కడే ఆగిపోతే వెంటనే ప్యాడిళ్లు దించండి.
5. రెండు వైపులా మట్టం సమానమైతే తలుపు తనంతట కదులుతుంది. దూలానికి నడుము ఆనించి, నేల మీద వంపుగా పాతిన ఇటుకలకి మడమలు తన్నిపెట్టి వెనక్కి నెట్టండి. కదలట్లేదంటే ఇంకా అంగుళం తేడా ఉంది, ఆగండి. పడవతో గుద్దకండి.

కిందికి దిగడంలో అసలు ప్రమాదం సిల్. పై తలుపుల కింద లోపలికి పొడుచుకొచ్చిన రాతి గట్టు అది. తొట్టి నిండుగా ఉన్నప్పుడు కనపడదు. ఎక్కడిదాకా ఉందో గోడ మీద తెల్ల గీత గీసి ఉంటుంది. చుక్కానితో సహా పడవ వెనక భాగం ఆ గీతకి బాగా ముందు ఉండాలి. నీరు తగ్గుతుండగా వెనక భాగం సిల్ మీద కూర్చుంటే ముక్కు కిందికి వాలి, పడవ ముందు భాగపు తలుపుల్లోంచి నీళ్లు దూసుకొచ్చి నిమిషాల్లో పడవ మునుగుతుంది. అలా పట్టుకున్నట్టు అనిపిస్తే చెయ్యాల్సిన వరస ఇదే: ముందు కింది ప్యాడిళ్లు దించెయ్యాలి, తర్వాత పై ప్యాడిళ్లు మెల్లగా ఎత్తి మళ్లీ తేలించాలి. పైవి ముందు ఎత్తడం తప్పు, నీరు ఇంకా కిందికి పోతూనే ఉంటుంది. దిగేటప్పుడు తాడు ముడివెయ్యకూడదు, గుంజకి ఒక చుట్టు చుట్టి చేతిలో పట్టుకుని వదులుతూ ఉండాలి. ముడి వేస్తే పడవ తాడుకి వేలాడుతుంది. ప్యాడిళ్లు తిప్పే మనిషి కళ్లు పడవ మీద ఉండాలి, ఫోన్ మీద కాదు.

విండ్‌లాస్‌ని ఇరుసు మీద వదిలేసి వెళ్లొద్దు. కొక్కెం జారితే అది సుడి తిరుగుతూ ఎగురుతుంది, చెయ్యి విరుగుతుంది. అలా జారితే పట్టుకోబోకండి, పక్కకి తప్పుకోండి. ప్యాడిళ్లని తిప్పుతూ దించాలి, జారవిడవకూడదు. బయటికి వచ్చాక తలుపులన్నీ మూసి, ప్యాడిళ్లన్నీ దించి వెళ్లాలి.

గ్రాండ్ యూనియన్‌లో హాటన్ దగ్గర 21 లాకులు వెడల్పైనవి, రెండు నారోబోట్లు పక్కపక్కన పడతాయి. పైకి ఎక్కేటప్పుడు మీ పడవ ఒక్కటే ఉంటే, పడవ కట్టిన వైపు నేల ప్యాడిల్‌నే ముందు ఎత్తండి. నీరు అవతలి గోడకి కొట్టి తిరిగొచ్చి పడవని ఇవతలి గోడకే అదిమి పెడుతుంది. ఫాక్స్‌టన్‌లో ఐదేసి లాకులు మెట్లలా కలిసి ఉంటాయి. అక్కడ ఎర్ర ప్యాడిల్ ముందు, తెల్లది తర్వాత. లాకు కీపర్ చెప్పకుండా లోపలికి వెళ్లకండి.

ప్రొపెల్లర్‌కి ఏదైనా చుట్టుకుంటే

ఊళ్ల దగ్గర ఇది తరచూ అవుతుంది. పడవ వణుకుతుంది, పొగ నల్లబడుతుంది, వేగం రాదు. ఒక్కసారి రివర్స్ వేసి చూడండి, సంచీ అయితే ఊడిపోవచ్చు. కాకపోతే గట్టుకి చేర్చి ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో పెట్టుకోండి. ఎవరూ పొరపాటున స్టార్ట్ చెయ్యకూడదు. వెనక డెక్ కింద వీడ్ హ్యాచ్ బిగింపు వదులు చేసి మూత తీస్తే ప్రొపెల్లర్ చేతికందుతుంది. మందపాటి తొడుగులు వేసుకోండి, తీగలూ గాజుముక్కలూ ఉంటాయి. చీరలాంటి గుడ్డనైనా రంపపు పళ్ల కత్తితో కోసి, చుట్టుకున్న దిక్కుకి ఎదురు తిప్పుతూ తియ్యాలి. మూత తిరిగి పెట్టేటప్పుడు రబ్బరు అంచు శుభ్రం చేసి, గట్టిగా బిగించి, ఇంజిన్ మెల్లగా నడిపి చుట్టూ తడి వస్తోందేమో చూడండి. మూత వదులుగా ఉంటే ప్రొపెల్లర్ కొట్టే నీరు లోపలికి ఎగజిమ్మి, పడవ కాసేపట్లో మునుగుతుంది. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగండి. కాలువ నీటిలో ఎలుకల మూత్రం వల్ల వీల్స్ వ్యాధి వచ్చే అవకాశం ఉంది, చేతి మీద గాయముంటే ముందే మూసుకోవాలి.

కట్టెయ్యడం

లాకు రేవుల్లో, నీళ్ల కుళాయి దగ్గర, పడవలు తిరిగే వెడల్పు చోట్ల, మలుపుల్లో కట్టకూడదు. ఇనప పలకలున్న గట్టుకి కొక్కేలు, మెత్తటి గట్టుకి మేకులు. మేకుల తలలు కాలువకి దూరంగా వాలేలా కొట్టండి. ముందు తాడు ముందుకీ, వెనక తాడు వెనక్కీ 45 డిగ్రీల వాలులో లాగితే పక్కన పడవలు పోయినా మీది ఊగదు. మధ్య తాడు పడవ ఆపడానికే. రాత్రంతా బిగించి వదిలితే మట్టం తగ్గినప్పుడు కప్పు మీంచి లాగి పడవని ఒరగదీస్తుంది. మేకుల మీద తెల్ల సంచి కట్టండి, గట్టున సైకిళ్ల వాళ్లు పోతుంటారు.

చలికాలం, అడుగు భాగం

నవంబర్ నుంచి మార్చి దాకా మరమ్మతులకి లాకులు మూసేస్తారు. ఆ జాబితా ముందే ప్రకటిస్తారు, మీ రెండు వైపులా మూసుకుపోయే చోట ఇరుక్కోకుండా చూసుకోండి. గట్టి చలి వస్తుందని తెలియగానే నీళ్లు, డీజిల్, బొగ్గు నింపి, క్యాసెట్లు ఖాళీ చేసుకోండి. మంచు పొరని చీల్చుకుంటూ పోకండి. ఆ పలకలు మీ అడుగు రంగుని గీకేస్తాయి, పక్కనున్న ఫైబర్ పడవలకి కన్నాలు పెడతాయి. పడవ ఖాళీగా వదిలి వెళ్తే పైపుల్లో నీళ్లు తీసేసి, కుళాయిలన్నీ తెరిచి ఉంచండి.

అడుగు పలక సాధారణంగా 10 మిల్లీమీటర్లు, పక్కలు 6. తుప్పుకి రెండు కాపలాదారులున్నాయి: తారు పూత, ఉక్కుకి బదులు తామే కరిగిపోయే మెగ్నీషియం యానోడ్లు. రేవులో కరెంటు తీగ తగిలిస్తే మూడోది గాల్వానిక్ ఐసొలేటర్, అది లేకపోతే పక్క పడవల కోసం మీ ఉక్కు కరుగుతుంది. రెండు మూడేళ్లకోసారి డ్రై డాక్‌కి ఎక్కించి, నీటి జెట్‌తో పాచి కడిగి, వదులు తుప్పు గీకి, పూర్తిగా ఆరనిచ్చి, రెండు మూడు పూతలు వెయ్యాలి. నీటి మట్టం దగ్గర గాలీ నీళ్లూ కలిసి తగిలే చోట తుప్పు ఎక్కువ, ఆ పట్టీకి ఇంకో పూత అదనంగా వెయ్యండి. ఆఖరి పూత డబ్బా మీద రాసినంతసేపు ఆరాకే పడవని నీళ్లలోకి దించనివ్వండి, డాక్ అద్దె ఒక రోజు ఎక్కువైనా సరే.